లేని గుర్రాలు

అవతల కాఫీ గింజలు దంచే చప్పుడు ఆగిపోయింది. ఆ చప్పుడు ఉన్నంతసేపూ హమీదున్నీసాకు కాస్త ధైర్యంగానే ఉండింది, రోకలి పడుతున్నంతవరకూ అసలు మాట మొదలుకాదు కదా అని. ఇప్పుడెవరో ఇత్తడి రోటిని పక్కకు జరిపారు, చిన్న గిన్నెలు ఒకదానికొకటి తగిలాయి, ఒక ముసలి గొంతు బిస్మిల్లా అంది, ఆ తర్వాత గాలి తప్ప ఏమీ వినిపించలేదు. చేతికందేంత దూరంలో తెర. మేకవెంట్రుకలతో నేసిన నల్లటి తెర, మధ్యమధ్య ఎర్ర చారలు, గుడారాన్ని రెండుగా చేస్తూ ఒక గుంజ నుంచి ఇంకో గుంజకు లాగి కట్టారు. దానికి అవతల మగవాళ్ళు. ఇవతల ఆడవాళ్ళు, ఆడవాళ్ళంటే ఇద్దరే, తనూ, తనను చేసుకుంటానన్న మిస్ఫర్ తల్లి వద్‌హా. ముఖానికి కట్టుకున్న నల్లగుడ్డ చీలికలోంచి ఆవిడ కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి, ఆ కళ్ళు కూడా తనవైపు లేవు, ఒళ్ళో ఉన్న ఉన్ని మీద, వేళ్ళ కింద గిరగిరా తిరుగుతున్న కదురు మీద ఉన్నాయి. వచ్చినప్పటి నుంచి ఆవిడ అన్నది ఒకే మాట, కూర్చో. కూర్చోబెట్టింది కోపంతోనో, మర్యాదతోనో తెలియలేదు. ఆస్పత్రిలో అయితే మనిషిని చూడగానే చెప్పేయగలదు ఎక్కడ నొప్పో. ఇక్కడ ఏం చూసి చెప్పాలి? వేళ్ళు చూసి చెప్పాలి. ఆవిడ వేళ్ళు ఆగకుండా వడుకుతూనే ఉన్నాయి. తన వేళ్ళను ఒళ్ళో అబాయా కొంగు కింద దాచుకుంది.

సాయంత్రపు అసర్ నమాజు అయి కాసేపే అయింది. మగ్రిబ్‌లోగా తేలిపోతుందన్నాడు మిస్ఫర్ ఫోన్‌లో, పెదనాన్న పొద్దు కుంకాక ఇలాంటి మాటలు మాట్లాడడు అని. తేలిపోతుంది అన్న మాటను అతను ఎంత తేలికగా అన్నాడు! తండ్రి లేడు, తండ్రి స్థానంలో పెదనాన్న హాదీ, తెగలో ఈ కొమ్మవాళ్ళకు ఆయన మాటే చివరి మాట. ఈ అరబ్బు దేశపు మనిషి బయటిదేశం పిల్లను చేసుకోవాలంటే సర్కారు అనుమతి కావాలి, ఆ కాగితం కోసం అమీరు కచేరీలో గుర్తింపు ఉన్న పెద్దమనిషి ఒకడు నిలబడి, అవును, మా ఇంటి పెళ్ళే అనాలి, ఆ పెద్దమనిషి హాదీయే. ఆయన కాదంటే కాగితం లేదు. కాగితం లేకుండా ఇద్దరూ మాట్లాడుకున్నారన్న మాట ఎవరైనా ఖఫ్జీ ఊళ్ళో ఒకరి చెవిన వేస్తే చాలు, తను నర్సుగా పనిచేసే క్లినిక్ యజమాని బీరువాలోంచి తన పాస్‌పోర్టు తీస్తాడు, దేశం విడిచిపొమ్మనే ఎగ్జిట్ ముద్ర కొట్టిస్తాడు, మర్నాడో మూడోనాడో దమ్మాంలో విమానం. ఆ మాట వేయగలిగినవాడు కూడా తెర అవతలే ఉన్నాడు. జాబిర్, హాదీ కొడుకు. జాబిర్ చెల్లెలి పేరు చిన్నప్పటి నుంచీ మిస్ఫర్ పేరు పక్కనే చెప్పుకునేవాళ్ళట. గుడారం ముందు పికప్ దిగుతున్నప్పుడు అతన్ని చూసింది, ఒళ్ళో తుపాకి పెట్టుకుని కూర్చున్నాడు, సలాం చెప్పడానికి లేచాడు గాని తుపాకిని కింద పెట్టలేదు.

హాదీ మాట్లాడుతున్నాడు. వాన గురించి. ఈ ఏడు వాన ముందే పడిందని, కంచె దాకా గడ్డి ఉందని, కంచె అవతల ఇంకా బాగుందని, కానీ అవతలిది చమురు వాళ్ళదైపోయింది గదా అని. ఎవరో నిట్టూర్చారు. ఆ కంచె లోపలే తన తాత తవ్విన బావి ఉందని మిస్ఫర్ ఒకసారి చెప్పాడు, ఒంటెలకు కంచె అంటే ఏమిటో తెలియదని, ఏటా ఆ ఇనుప తీగల దగ్గరికొచ్చి నిలబడి వాసన చూస్తాయని. హమీదకు వచ్చిన అరబ్బీ ఆస్పత్రి అరబ్బీ. నొప్పి ఎక్కడ, నోరు తెరువు, ఊపిరి పీల్చు, భయపడకు. ఈ ఎడారివాళ్ళ మాట గబగబా గొంతులోంచి దొర్లిపోతుంది, సగం మాటలు పట్టుకునేలోపు మిగతా సగం దాటిపోతాయి. అయినా ఇవాళ చెవులకు ఎక్కడలేని పదును వచ్చింది. గిన్నెలో గాహ్వా కాఫీ పడే సన్నధార వినిపిస్తోంది. మిస్ఫర్ కూర్చున్న చోట కూడా తెలుస్తోంది, కుడివైపు, గుంజకు దగ్గరగా, అప్పుడప్పుడూ కాలు చాపి మళ్ళీ ముడుచుకుంటున్నాడు. ఆ కాలు ఎక్కువసేపు ముడిస్తే లాగుతుంది. లాగుతుందని ఆమెకు గాక ఎవరికి తెలుసు?

పోయిన ఏడు సరిహద్దు అవతల యుద్ధం మొదలైన రోజుల్లో క్లినిక్‌కు తీసుకొచ్చారు అతన్ని. ఖఫ్జీ ఊరంతా తలుపులు బిగించుకుని ఉంది, క్లినిక్ అద్దాలకు టేపు అంటించారు, ఉత్తరం నుంచి ఉరుము లాంటిది వస్తుంటే అది ఉరుము కాదని అందరికీ తెలుసు. సరిహద్దు దళంలో అడుగుజాడలు పట్టే పని మిస్ఫర్‌ది. దొంగసరుకు మోసేవాళ్ళ జాడ పట్టుకుని పోతూ పోతూ, అంతకుముందటి యుద్ధం ఇసుకలో వదిలేసిపోయిన మందుపాతర అంచు తొక్కాడు. కాలి వేళ్ళు రెండు పోయాయి. అరవలేదు. కుట్లు వేస్తున్నప్పుడు అడిగాడు, నా అడుగు మారిపోతుందా అని. నడక బాగానే వస్తుందని చెప్పింది. నడక గాదు, అడుగు, అన్నాడు, ఇసుక మీద నా అడుగు చూస్తే మావాళ్ళంతా ఇది మిస్ఫర్‌ది అనేవాళ్ళు, ఇక ముందు నా వెనక నేను నడిచినా పోల్చుకోలేను. ఆ మాటకు ఆమె చేతిలో పట్టకారు ఆగింది. ఇంటి నుంచి ఇంత దూరం వచ్చాక తనకు తానే కొత్తదైపోయిన మనిషి తనొక్కతే అనుకుంటూ ఉండేది అంతవరకు.

రోజు విడిచి రోజు కట్టు మార్చుకోవడానికి వచ్చేవాడు. గదిలో ఎప్పుడూ ఆయా ఉండేది, తలుపు తెరిచే ఉండేది, మాటలు గాయం చుట్టూ తిరిగేవి. ఒకరోజు తల ఎత్తకుండానే అన్నాడు, నువ్వు చిన్నప్పుడు ఎడమ పక్కన బరువు మోసేదానివి, క్లినిక్ వెనక ఇసుకలో నీ ఎడమ మడమ లోతుగా పడుతుంది. ఆమెకు ఒళ్ళు ఝల్లుమంది, ఎవరో తను నిద్రపోతున్నప్పుడు చూసినట్టు. నిజమే. నాయన వెనక దూది మూటలు మోసింది. రాయచోటి చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగేవాడు నాయన, భుజాన పత్తి ఏకే విల్లు వేసుకుని. పెళ్ళిళ్ళ కాలం వస్తే ఊరూరా పరుపులు, అరుగు మీద కూర్చుని నారి మీద కొడుతుంటే టంగ్ టంగుమని వీధంతా మోగేది, దూది మబ్బు మాదిరి లేచేది, సాయంత్రానికి నాయన కనురెప్పలు తెల్లగా ఉండేవి, దగ్గితే నోట్లోంచి నూలుపోగులు. మసీదులో ఉర్దూ మాట్లాడే సాయిబులు తమను వరసలోంచి పక్కకు తప్పించేవాళ్ళు కాదు గాని ఇళ్ళలోకి పిలిచేవాళ్ళూ కాదు. మీరు తెలుగోళ్ళా తురకోళ్ళా అని బళ్ళో పిల్లలు అడిగేవాళ్ళు. ఇంట్లో అంతా తెలుగే, నమాజు ఒక్కటే అరబ్బీ. నాయన ఏం చేసేవాడని మిస్ఫర్ అడిగితే అరబ్బీలో మాట దొరక్క, పత్తిని కొట్టేవాడు అంది. పత్తి ఏం తప్పు చేసిందని కొట్టేవాడు, అని అతను నవ్వాడు. అతను నవ్వడం అదే మొదలు. నవ్వుతూ గాయం మీది దూదిని చూశాడు, అప్పుడతనికి అర్థమైంది, అర్థమైందని ఆమెకు కనిపించింది. ఆ తర్వాత ఏనాడూ ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తకపోవడం మన్నన అనుకుంది. పై గాయం మానిపోయాక కూడా రెండుసార్లు వచ్చాడు. మూడోసారి ఆమె దగ్గరికి రాకుండా అంబులెన్స్ డ్రైవర్ ఖాదర్ మొహిద్దీన్ దగ్గరికి పోయి, ఈ అమ్మాయి తరఫు మగవాడు ఎవరు అని అడిగాడు.

ఖాదర్ మొహిద్దీన్ అమ్మకు వరసకు తమ్ముడు, మామ. ఇవాళ పికప్‌లో వస్తూ దారంతా ఒకటే చెప్పాడు. "అడిగితే నేను చెప్తా. నువ్వు నోరు తెరవాకు." "ఏం చెప్తావు మామా?" "ఏందో ఒకటి చెప్తా. వీళ్ళేమన్నా కడపకు పోయి అడిగొచ్చేది ఉండాదా? ఇస్సే. వీళ్ళకు చేతిపనోడంటే కిందోడు. కమ్మరోడు గానీ, నేతోడు గానీ, పిల్లనియ్యరు, చేసుకోరు. పుట్టుక చూస్తారు మే. మనదేం పుట్టుకని చెప్పేది?" అప్పుడు కిటికీలోంచి చూస్తూ ఊరుకుంది. ఊరుకోవడమంటే ఒప్పుకోవడమేనా? కంచె వెంబడి పోతున్నారు, కంచె అవతల చమురు గొట్టం కొసన మంట పట్టపగలు కూడా మండుతూనే ఉంది.

"అమ్మాయి పేరు మంచిది," అంటున్నాడు హాదీ. ముసలి గొంతే గాని తడబాటు లేదు. "చేతులు మంచివని మా పిల్లవాడి కాలు చూస్తే తెలుస్తూనే ఉంది. నమాజు చేసే పిల్ల. అన్నీ సరే. ఇంతకీ ఎవరి పిల్ల? మీది ఏ తెగ? మీ తాతలు ఏం చేసేవాళ్ళు?"

గాలి గుడారాన్ని ఒకసారి ఊపి వదిలింది. హమీద తెర మీది ఎర్ర చారను చూస్తూ ఉంది. మామ గొంతు సవరించుకున్నాడు. ఇరవై ఏళ్ళ అరబ్బీ ఆయనది, తప్పులున్నా జంకు లేనిది. "పఠాన్లు, షేక్. అఫ్ఘాన్ దేశం నుంచి వచ్చినవాళ్ళు. మా కడపలో నవాబులుండేవాళ్ళు, వాళ్ళ ఫౌజులో ఈ పిల్ల ముత్తాత గుర్రపు సవారు. వంద గుర్రాలకు పెద్ద."

గుర్రాలు అన్న మాట అవతల ఏం చేసిందో తెర ఇవతలికి తెలిసింది. అంతవరకూ బిగబట్టుకున్న ఊపిరి ఎవరో వదిలారు, ఒకరు మాషా అల్లా అన్నారు, గిన్నెలోకి మళ్ళీ గాహ్వా ధార పడింది. హాదీ గొంతు వెచ్చబడింది, మా తాతా గుర్రం మీదే పోయాడు, అని మొదలుపెట్టాడు, ఏ బావి దగ్గర ఏ దాడిలో పోయాడో, ఆ గుర్రం ఆడదని, దాని పేరేమిటో, అది ఒక్కతే గుడారానికి తిరిగొస్తే ఇంట్లో ఆడవాళ్ళు దాని మెడ పట్టుకుని ఎలా ఏడ్చారో. ముత్తాత గుర్రం ఏ రంగని అడిగాడు. తెల్లది, అన్నాడు మామ. ఎంత బాగా చెప్తున్నాడు! హమీదకు క్షణంపాటు ఆ ముత్తాత నిజంగానే కనిపించాడు, తలపాగా, బూడిదరంగు మీసం, వెనక దుమ్ము. ఆయన ముఖం చూద్దామంటే నాయన ముఖమే ఉంది, రెప్పల మీద దూది.

ఇప్పుడు మిస్ఫర్ చెప్తాడు. ఆమె ఎదురుచూసింది. అతనికి తెలుసు కదా. ఇలా కాదు పెదనాన్నా అంటాడు, మెల్లగా అంటాడు, వాళ్ళ నాన్న పత్తి ఏకేవాడు, అయినా నేను చేసుకుంటాను అంటాడు. గుంజ దగ్గర కాలు చాపిన చప్పుడైంది. ముడుచుకున్న చప్పుడైంది. అంతే. జాబిర్ ఏదో అడిగాడు, పఠాన్లయితే ఈమె ముఖం ఇంత నలుపేమిటని గాబోలు, ఎవరో నవ్వారు, హాదీ కసిరాడు. మిస్ఫర్ మాట్లాడలేదు. భయపడి ఉంటాడు. తనను పోగొట్టుకుంటానని భయం. మంచి భయమే గదా అది? ప్రేమ ఉన్నవాడికే గదా ఆ భయం? ఊరుకుంటే అయిపోతుంది. ఇంకో గిన్నె గాహ్వా, మాట ఖాయమైందని చదివే ఒక ఫాతిహా, కాగితం, ఈ గుడారం, ఈ మనిషి. దీనికోసమే గదా ఆరు నెలలుగా నిద్ర పట్టనిది? ఊరుకో హమీదా, ఊరుకో.

కానీ ఊరుకోవడం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. కడపలో ఉర్దూ పంతులు సంబంధం వచ్చినప్పుడు అమ్మ ఇట్లాగే ఊరుకుంది. మీరు షేకులా అని వాళ్ళడిగితే అమ్మ బీబీజాన్ తల ఊపింది, తల ఊపడం అబద్ధం కాదంది తర్వాత. ఉంగరం తొడిగిన వారానికి వాళ్ళ పెద్దమ్మ ఒకావిడ ఇంటికొచ్చి గోడకు వేలాడుతున్న ఏకే విల్లును చూసి, ఇదేందని అడిగింది. అడిగేటప్పటికే ఆవిడకు తెలుసు. టీ తాగలేదు. ఉంగరం అడిగినప్పుడు వేలి నుంచి రాలేదు, సబ్బు పెట్టి లాగారు, ఆవిడ ఎదురుగానే. ఆ వారం రోజులూ హమీద నవ్వుతూనే ఉంది, నవ్వుతూనే ప్రతి చప్పుడుకూ తలుపు వైపు చూసింది. ఇప్పుడు వారం కాదు, జన్మంతా. ఎవరో ఒకరు రాయచోటి నుంచి వస్తారు. రాకపోయినా వస్తారేమోనని ఉంటుంది. రేపు పిల్లలు పుడితే వాళ్ళు ఆ తెల్లగుర్రం కథ చెప్పమంటారు, తను చెప్పాలి, వాళ్ళ నాన్న పక్కనే కూర్చుని అబద్ధమని తెలిసి వినాలి. ఇద్దరూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకోకుండా.

ఎందుకో కిందికి చూసుకుంది. తన వేళ్ళు అబాయా కింద లేవు. వద్‌హా పక్కన పోసి ఉన్న ఉన్నిలోంచి ఎప్పుడు తీసుకుందో గుప్పెడు తీసుకుని ఏకుతోంది, బొటనవేలితో ముళ్ళు ఏరి, ఇసుక రాల్చి, రెండు చేతుల మధ్యా లాగి, మళ్ళీ కలిపి. చాప మీద ఆమె ముందు చిన్న కుప్ప, పొగలా తేలికగా. కదురు ఆగి ఉంది. వద్‌హా చూస్తోంది. కుప్పను చూసి, వేళ్ళను చూసి, మొదటిసారి ముఖంలోకి చూసింది.

"ఇది గుర్రపువాళ్ళ చెయ్యి కాదు," అంది వద్‌హా, తెర అవతలికి పోనంత మెల్లగా. "మీ నాన్న ఏం చేసేవాడు?"

"పత్తి ఏకేవాడమ్మా."

"మావాడికి తెలుసా?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం ముందరిదానికంటే కష్టమైంది. తెలుసంటే అతను పెదనాన్న ముందు అబద్ధాన్ని మింగుతున్నాడని తల్లికి చెప్పినట్టు. తెలియదంటే తను ఈవిడతో మొదలుపెట్టడమే అబద్ధంతో. అవతల హాదీ నవ్వుతున్నాడు. తల ఊపింది, ఊపి, అమ్మ గుర్తొచ్చి, నోటితో కూడా చెప్పింది. "తెలుసు."

వద్‌హా కళ్ళు మూసుకుంది. కోపమో, సిగ్గో, ఆ గుడ్డ వెనక ఏముందో. తెరిచినప్పుడు గొంతు మాత్రం మారలేదు. "నేను చెప్పను. అది నా మాట కాదు. నువ్వు చెప్తావో ఊరుకుంటావో నీ ఇష్టం. ఒకటి మాత్రం తెలుసుకో. ఈ గుడారంలోకి ఏ పేరుతో వస్తావో నేను చచ్చేదాకా నిన్ను ఆ పేరుతోనే పిలవాలి."

అవతల ఎవరో ఫాతిహా చదువుదామన్నారు. చేతులెత్తుతున్న బట్టల గలగల. హమీద మాటల కోసం వెతుక్కుంది, ఆస్పత్రి అరబ్బీలో ఇందుకు మాటలేమున్నాయి, నోరు తెరువు, ఊపిరి పీల్చు, భయపడకు, తెర మీది ఎర్ర చార కదులుతోంది, గాలికో తన చూపుకో. మామ పరువేమవుతుంది? ఖఫ్జీ మెస్సులో హైదరాబాదీల మధ్య ఆయన ఖాన్ సాబ్. మిస్ఫర్ ఏమవుతాడు? ఇంకా సమయముంది, ఊరుకో, ఇంకా ఉంది, ఇంక లేదు. "షేక్!" అంది. తన గొంతు తనకే గట్టిగా వినిపించింది. "చేతులు దించండి. మా ముత్తాతకు గుర్రం లేదు. మాకు ఎవరికీ గుర్రాల్లేవు. మా నాన్న పత్తి ఏకేవాడు, పరుపులు కుట్టేవాడు. మా తాతా అంతే. చేతిపని వాళ్ళం."

ఎత్తిన చేతులు దిగుతున్న బట్టల గలగల. తర్వాత జాబిర్ నవ్వాడు, పగలబడి, తుపాకి నేలకు తగిలేలా నవ్వాడు. చేతిపని వాడి కూతురు, చేతిపని వాడి కూతురు, అని రెండుసార్లు అన్నాడు, ఆ మాట అరబ్బీలో ఇంత చిన్నదని ఆమెకు తెలియదు. మామ ఏదో చెప్పబోయాడు, హాదీ ఆపాడు. హాదీ గొంతులోని వెచ్చదనం ఎక్కడికి పోయిందో పోయింది.

"మిస్ఫర్. నీకు తెలుసా ఇది?"

"తెలుసు," అన్నాడు మిస్ఫర్.

"తెలిసి నా చేత మా తాత గుర్రం కథ చెప్పించావు."

హాదీ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. అమ్మాయి నిజం చెప్పింది, ఆమె మీద నాకు కోపం లేదు, ఆమె మీద ఎవరూ ఎక్కడా నోరెత్తడానికి వీల్లేదు, జాబిర్, నీకే చెప్తున్నాను, అన్నాడు. కానీ మా రక్తంలోకి ఆ రక్తం రాదు. నేను కచేరీకి రాను. నువ్వు చేసుకుంటావా, చేసుకో, నేను బతికుండగా ఆమెను మా గుడారాల దగ్గరికి తీసుకురావద్దు, నువ్వూ రావద్దు. ఏది కావాలో ఇప్పుడే చెప్పు.

హమీద వింది. కుడివైపు, గుంజ దగ్గర. ఒక ఊపిరి. ఇంకొకటి. కాలు చాపిన చప్పుడు కూడా లేదు. ఆమె లేచి నిలబడింది. ఎదురుచూడటం చేతకాక కాదు. ఎదురుచూస్తూ ఉంటే ఆ మౌనం ఎంత పొడుగుందో కొలుస్తూ ఉండిపోతుందని, ఆ కొలతను తర్వాత మరిచిపోవడం తన వల్ల కాదని. వద్‌హా కూడా లేచింది, గుడారం వెనక వాకిలి గుడ్డ ఎత్తి పట్టుకుంది. "పో బిడ్డా," అంది. "వాడొస్తే వాడి కాళ్ళతో వాడే రావాలి. నేను నెట్టను."

బయట వెలుతురు పసుపుపచ్చగా, పక్క నుంచి పడుతోంది. ఒంటెలు దూరంగా కంచె దగ్గర నిలబడి ఉన్నాయి. పికప్ దాకా ఎలా నడిచిందో తెలియదు. మామ వెనకే వచ్చాడు, తలుపు విసురుగా వేశాడు, తాళం తిప్పాడు, బండి ఇసుకలో నడక వేగంతో, గుంతల్లో పడి లేస్తూ సాగింది. కొంతదూరం పోయారు. తర్వాత మామ స్టీరింగ్ మీద అరచేత్తో కొట్టాడు. "ఒక్క ఫాతిహా. ఒక్క నిమిషం నోరు మూసుకోని ఉంటే అయిపోయేది గదే! నీది పాయె, నన్ను గూడా బజార్లో పెట్టినావు. రేపు మెస్సులో ఏ మొగం పెట్టుకోని కూర్చునేది నేను?" ఆమె ఏమని అంటుంది? ఆయన ఆ గుర్రం కథ తన కోసమే చెప్పాడు. కాసేపటికి మామ కళ్ళు తుడుచుకున్నాడు, మోచేత్తో, దారి మీద నుంచి చూపు తిప్పకుండా. "మీ నాయన మాదిరే ఉండావు," అన్నాడు. తిట్టో కాదో. "ఆయప్ప గూడా అంతే, పరుపులో పాతదూది కలపమంటే కలిపేటోడు గాదు." ఆమెకు నవ్వొచ్చింది, నవ్వు సగంలో ఏడుపైంది. ఇప్పుడు క్లినిక్. రేపు డ్యూటీ. కట్టు మార్చే గది. అమ్మకు ఫోన్ చేసి ఏమని చెప్పాలి, సంబంధం తప్పిపోయిందని చెప్పాలా, నేనే తప్పించానని చెప్పాలా? అద్దంలో దుమ్ము. దుమ్ములో ఏదో తెల్లగా కదిలింది.

మనిషి. తెల్లటి పొడుగు అంగీ తోబ్‌ను మోకాళ్ళ దాకా ఎత్తి పట్టుకుని పరుగెత్తుతున్నాడు. తలమీద గుడ్డ లేదు. కుడికాలు పడినప్పుడల్లా ఒళ్ళంతా ఒక పక్కకు ఒరిగి లేస్తోంది. అలా పరుగెత్తకూడదని ఆమే చెప్పింది, కుట్లు మానినా లోపల ఎముక మానలేదని.

మామ కూడా చూశాడు. "ఆపమంటావా?"

"ఆపు. ఇంజన్ మాత్రం ఆపాకు."

బండి నిలబడి గుడగుడమంటోంది. ఆమె దిగలేదు. అద్దం కిందికి దించింది. మిస్ఫర్ రొప్పుతూ తలుపు పట్టుకుని వంగాడు. ముఖం ఇంత దగ్గరగా, మధ్యలో ఆయా గాని తెర గాని లేకుండా, ఆమె ఎప్పుడూ చూడలేదు. చూస్తే ఒప్పేసుకుంటానేమోనని అతని భుజం మీదుగా ఇసుకను చూసింది.

"పెదనాన్నకు చెప్పాను," అన్నాడు. "వెళ్తున్నానని. కచేరీకి ఆయన రానంటే నేనే పోతాను. కాగితం ఎప్పుడిస్తారో తెలియదు. ఇస్తారో లేదో తెలియదు."

"అది తర్వాత. మామ గుర్రాల గురించి చెప్తుంటే నువ్వు ఎందుకు ఊరుకున్నావు?"

"నిన్ను పోగొట్టుకుంటానని."

"నేనూ భయపడ్డాను. అయినా చెప్పాను."

అతను తల దించుకున్నాడు. ఇంజన్ చప్పుడులో అతని మాట వినడానికి ఆమె కొంచెం ముందుకు వంగాల్సి వచ్చింది. "అది ఒక్కటే కాదు. ఆయన చెప్తుంటే నాకూ బాగుండింది. పెదనాన్న ముఖం వెలిగిపోతోంది. ఆ కాసేపు ఆ గుర్రాలు నిజమైతే బాగుండునని నేనూ కోరుకున్నాను."

అది ఆమెకు గుచ్చుకుంది. ఎక్కడో లోపల, నాయన ఉన్న చోట గుచ్చుకుంది. ప్రేమతో ఊరుకున్నాను అని ఉంటే ఇంతగా నొప్పి పుట్టేది కాదు, ఇంతగా నమ్మేదీ కాదు. ఇవాళ పొద్దుటి నుంచి ఇంతమంది ఇన్ని మాటలు చెప్పారు, తన పరువు పోయే మాటను ఎవరూ బలవంతపెట్టకుండానే తనంతట తాను చెప్పింది ఇతనొక్కడే. కాస్త ఆలస్యంగా. ఆలస్యమే. కాలు నొప్పికి ముఖం చిట్లించుకుని, అయినా తలుపు వదలకుండా నిలబడి ఉన్నాడు.

"మళ్ళీ ఎప్పుడైనా అలా కోరుకుంటావా?"

అతను ఆలోచించాడు. వెంటనే లేదు అనలేదు. "కోరుకుంటానేమో. అప్పుడు నీకు చెప్తాను."

దూరంగా, ఊరి వైపు నుంచి, గాలి మోసుకొచ్చిన మగ్రిబ్ అజాన్ ముక్కలు ముక్కలుగా వినిపించింది.

"మామా," అంది హమీదున్నీసా, ఇసుక మీది చూపును మిస్ఫర్ ముఖానికి తిప్పి. "ఇంజన్ ఆపు."

ఖాదర్ మొహిద్దీన్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తాళం వెనక్కి తిప్పి, నమాజు ముందు కాళ్ళూచేతులూ కడుక్కునే వజూకు నీళ్ళ క్యాను తీసుకుని, బండికి అటువైపు దిగాడు.